సోడియం ఇంటివాళ్ళు

పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లల స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. వంటసోడా రసాయన నామం ఏమిటన్న ప్రశ్నకి ఒక అమ్మాయి సోడియం బైకార్బొనేట్ అని రాసింది. పుస్తకంలో ఉన్నది సోడియం హైడ్రోజన్ కార్బొనేట్. పాత పేరు రాస్తే అర మార్కు కోయాలని మా స్కూల్లో నియమం. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను గానీ కోయడానికి చెయ్యి రాలేదు. పూర్తి మార్కు వేసి పేజీ తిప్పేశాను. పక్క కుర్చీలో టీచరు చూసి, "అది తప్పు కదండీ మేడమ్" అంది. "తప్పు కాదులెండి, పాత పేరు" అన్నాను. గొంతు కటువుగానే వచ్చి ఉంటుంది, ఆవిడ తన పేపర్ల వైపు తిరిగిపోయింది.

నాకు ఆ కొత్త పేరంటేనే పడదు. ఎందుకు పడదో ఈ వయసుకి వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మా నాన్న కొట్టు దగ్గర మొదలుపెట్టాలి.

మాది పచారీ కొట్టు. పాలకొల్లు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలవ వంతెన దాటగానే చిన్న బజారు, అందులో మూడో కొట్టు. లోపలికి అడుగు పెడితే ముందు ఇంగువ, తర్వాత వాము, ఎండుమిరప, కర్పూరం, వీటన్నిటి అడుగునా కిరసనాయిలు. వానాకాలంలో బెల్లం దిమ్మలు చెమర్చి ఆ వాసన కూడా తోడయ్యేది. క్లాసులో పిల్లలు కళ్ళు మూసుకుని నా పుస్తకం వాసన చూసి, "ఇది కొట్టువాళ్ళ పిల్లది" అని చెప్పేసేవారు. అప్పట్లో నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ వాసన కావాలన్నా దొరకదు. అన్నీ ప్లాస్టిక్ ప్యాకెట్లలోకి వెళ్ళిపోయాయి.

నాన్న ఐదో తరగతితో చదువు ఆపేశాడు. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. కొట్లో చదవాల్సిన అవసరమూ ఉండేది కాదు, ఏ డబ్బా మీదా పేరు లేదు. వంటసోడా పై అరలో, ఉప్పు పక్కన. చాకలిసోడా కింద సబ్బుల దగ్గర. తూములు కడుక్కోవడానికీ ఇంట్లో సబ్బు కాచుకోవడానికీ తీసుకెళ్ళే కాస్టిక్ సోడా, పొలాల వాళ్ళు కొనే మైలుతుత్తం, ఇలాంటివి అట్టడుగున మూలకి. నాన్న బేరం వాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడుతూనే వెనక్కి చెయ్యి చాపేవాడు. ఏ డబ్బా కావాలో ఆ డబ్బా మీదే చెయ్యి పడేది. నేను చూసినంతలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మా స్కూల్లో ఫిజికల్ సైన్సు మాస్టారు మా వీధిలోనే ఉండేవారు. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. పిల్లల్లేరు. సాయంత్రాలు వాళ్ళ వసారాలో ఏడుగురికి ట్యూషన్ చెప్పేవారు. ఆయన భార్యని మేమంతా పిన్నిగారనే పిలిచేవాళ్ళం. ఆవిడ దిబ్బరొట్టె ముక్కలో, ఉడకేసిన వేరుశెనక్కాయలో, రోజుల్ని బట్టి తేగలో తెచ్చి పెట్టేవారు. దాంతోపాటే చీవాట్లు. "పుస్తకం తెరవకముందే నోళ్ళు తెరుస్తారేంట్రా మీరు! చేతులు కడుక్కునే వచ్చారా అసలు?" అనేవారు. మేం ఆవిడకి కాల్షియం ఆక్సైడ్ అని పేరు పెట్టాం. అంటే పొడిసున్నం, నాలుగు చుక్కలు నీళ్ళు పోస్తే చాలు కుతకుతలాడుతుంది. ఆ సంగతి మాస్టారి చెవిన పడింది. తంతారనుకున్నాం. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "ఫార్ములా కూడా రాయండి మరి, ఊరికే పేరు పెడితే మార్కులెవరిస్తారు?" అన్నారు.

సంయోగ పదార్థాలకి పేర్లు పెట్టడం ఎలాగో ఆయన చెప్పిన పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు.

"రసాయనాలన్నీ తెలుగువాళ్ళేనర్రా. మనలాగే ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు. సోడియం అన్నది ఇంటిపేరు. ఆ ఇంటికి క్లోరిన్ వచ్చి చేరింది. చేరాక తోక మారుతుంది, క్లోరిన్ కాస్తా క్లోరైడ్. ఆక్సిజన్ చేరితే ఆక్సైడ్. అంతే."

"మరి ఐట్, ఏట్ ఎవరండీ?" అన్నాన్నేను.

"వాళ్ళు ఆక్సిజన్‌ని కూడా వెంటేసుకుని వచ్చినవాళ్ళు. తక్కువ తెచ్చుకుంటే ఐట్, ఎక్కువ తెచ్చుకుంటే ఏట్. సల్ఫైట్, సల్ఫేట్. చూశావా, కొట్టువాళ్ళ పిల్లకే వచ్చింది ఆ అనుమానం!"

ఆ ఒక్క మాటతో నాకు నేల మీద కాళ్ళు నిలవలేదు. అప్పటిదాకా కొట్టువాళ్ళ పిల్ల అంటే వెక్కిరింపే. మాస్టారి నోట అది మెప్పు అయింది.

ఆయనకి బజారు పేర్లంటే ఒళ్ళుమంట. "సోడా అంటే ఏ సోడా? తినేదా, గుడ్డలుతికేదా, ఒళ్ళు కాల్చేదా? అన్నిటికీ సోడాయేనా? పేరు పూర్తిగా పలకండి. ప్రాణాలు పోకుండా ఉంటాయి" అనేవారు. ఇలా పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో "ఏమోయ్" అని లోపలికి కేక వేసేవారు. పిన్నిగారు గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి తెచ్చేవారు. ఆయనకి పనసపొట్టు కూరంటే ప్రాణం, కందా బచ్చలంటే మరీను. తిన్నాక కడుపుబ్బరం. ఆ నీళ్ళు ఒక్క గుక్కలో తాగేసి, త్రేన్చి, "కార్బన్ డయాక్సైడ్" అని మాకు చూపించేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

నాకు అప్పుడు పిచ్చి పట్టింది. కనిపించిన ప్రతిదానికీ అసలు పేరు వెతకడమే పని. పటిక, నవాసారం, సురేకారం, అన్నభేది అన్నీ మా కొట్లోనే ఉన్నాయి. నాన్నని అడిగి జాబితా రాసి, పక్కన రసాయన నామాలు రాసుకుని మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే చూశారు. ఒక్క చోట ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. వంటసోడా ఎదురుగా నేను రాసింది సోడియం బైకార్బొనేట్.

"ఇది మా నాన్నగారి కాలం నాటి పేరమ్మా. ఇప్పుడలా అనకూడదు" అని పైన సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ అని దిద్దారు. "ఇంతకీ ఏం చేస్తావ్ దీంతో?"

"మా డబ్బాలకి అంటిస్తానండి."

"భేష్! మీ నాన్న కొట్టు లేబరేటరీ అయిపోతుందన్నమాట."

ఆ ఆదివారం మధ్యాహ్నం నాన్న భోంచేసి నడుం వాల్చినప్పుడు కొట్లోకి వెళ్ళాను. తెల్లకాగితం ముక్కల మీద స్కెచ్ పెన్నుతో గుండ్రంగా పేర్లు రాసి, మైదా జిగురుతో అంటించాను. అక్కడితో ఆపినా బాగుండేది. ఇంటిపేర్ల పాఠం నా బుర్రలో తిరుగుతోంది. ఒకే ఇంటివాళ్ళు తలోచోటా ఉండటం ఏంటనిపించింది. కాల్షియం ఇంటివాళ్ళని ఒక అరలో, కాపర్‌ని ఒక అరలో, సోడియం ఇంటివాళ్ళందర్నీ పై అరలో వరసగా పెట్టాను. ఉప్పు, వంటసోడా, చాకలిసోడా, కాస్టిక్ సోడా. నాలుగూ తెల్లటివే, డబ్బాలూ ఒకలాంటివే. దిగి దూరంగా నిలబడి చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో!

నాన్న లేచి వచ్చి నోరెళ్ళబెట్టాడు. తర్వాత పొంగిపోయాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, "మా అమ్మాయండి. కొట్టుని కాలేజీ చేసి పారేసింది" అన్నాడు. జనం సద్దుమణిగాక మాత్రం నెమ్మదిగా, "అమ్మా, కింద మన పేర్లు కూడా చిన్నగా రాసెయ్. నేను ఇదంతా కూడబలుక్కునేసరికి బేరం కాస్తా వెళ్ళిపోద్ది" అన్నాడు.

"రేపు రాస్తాలే నాన్నా."

రాయలేదు. యూనిట్ టెస్టులున్నాయని ఒక వారం, స్కెచ్ పెన్ను ఎండిపోయిందని ఒక వారం. నిజం ఏమిటంటే, కింద వంటసోడా అని రాస్తే నా లేబుళ్ళ అందం చెడిపోతుందని రాయలేదు. నాన్న మళ్ళీ అడగలేదు. వెతుక్కుని, వెతుక్కుని, అలాగే నెట్టుకొచ్చాడు.

కార్తీకమాసం. మూడు రోజులుగా ముసురు. సాయంత్రం అయిదింటికే చీకటి కమ్మింది, కరెంటు లేదు. కొట్లో దీపాల నూనెకీ వత్తులకీ వచ్చిన ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. నేను ట్యూషన్‌కి బయల్దేరుతుంటే నాన్న కేకేశాడు.

"మాస్టారింట్లో సోడా అయిపోయిందట, పట్టుకెళ్ళు."

కొవ్వొత్తి ఎత్తి పట్టుకుని పై అర చూశాడు. పెదాలు కదులుతున్నాయి. సోడియం... హై... అంతవరకూ నాకు వినిపించింది. ఎవరో ఆవిడ తొందరపెడుతోంది. నాన్న డబ్బా దించి, కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. ఆ అరలో సోడియం హై అని మొదలయ్యేవి రెండున్నాయి. ఒకటి సోడియం హైడ్రోజన్ కార్బొనేట్. రెండోది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. ఆ ముక్క కొట్లో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాను.

వంటింట్లోకి వెళ్ళి పొట్లం పిన్నిగారికి ఇచ్చాను. మాస్టారు లాంతరు వెలుగులో బోర్డు మీద రాస్తున్నారు. ఆవిడ గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఒక చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. రెండో చేత్తో గ్లాసు ఎత్తి, ఎప్పటిలాగే ఒక్క గుక్క.

గ్లాసు కింద పడింది. ఆయన మెడ పట్టుకుని గోడకి ఆనుకుపోయారు. అరుద్దామనుకుంటే అరుపు రాలేదు. పిన్నిగారు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైందండీ, ఏమైంది, ఉప్పునీళ్ళు పట్టండర్రా, కక్కించండి" అంటున్నారు. ఆయన వద్దు వద్దని చెయ్యి ఊపారు. బోర్డు వైపు తిరిగి, సుద్దముక్కతో ఒక్క మాట రాశారు. క్షారం.

"ఏంటర్రా అది? ఏం రాశారు? అదంటే ఏంటర్రా?" అని పిన్నిగారు మా ఏడుగుర్నీ చూసి అడుగుతున్నారు. ఎవరూ పలకలేదు. మిగతా ఆరుగురూ భయంతో పలకలేదు. నేను అర్థమై పలకలేదు.

ఎవరో కారు తెచ్చారు. రాజమండ్రి తీసుకెళ్ళారు. రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డం పడి చాలాసేపు ఆగిపోయారట. కూడా వెళ్ళినవాళ్ళు తర్వాత చెప్పారు, ఆ ఆగినంతసేపూ ఆయన భార్య చెయ్యి వదలలేదని.

నేను వానలో ఇంటికి పరిగెత్తాను. నాన్నకి నోటితో చెప్పక్కర్లేకపోయింది. మాస్టారు అన్నాను, సోడా అన్నాను. నాన్న డబ్బా దించి చిటికెడు అరచేతిలో వేసుకుని నీటిచుక్క పోశాడు. వేళ్ళతో రుద్దాడు. సబ్బులా జారింది. చురుక్కుమంది కాబోలు, చెయ్యి విదిలించాడు. అలా కూలబడిపోయిన నాన్నని నేను అంతకు ముందు చూడలేదు.

కాసేపటికి లేచి కొట్టు తలుపులు వేసేశాడు. తడిగుడ్డతో నా లేబుళ్ళన్నీ ఊడబెరికాడు. డబ్బాలన్నీ ఎక్కడివక్కడ సర్దాడు. నా వంక చూడకుండా, "ఎక్కడా నోరు జారకు. నువ్వేం పట్టుకెళ్ళలేదు, నేనేం ఇవ్వలేదు. తెలిసిందంటే నన్ను జైల్లో పెడతారు, కొట్టు మూసుకోవాలి, నీ చదువు అటకెక్కుద్ది" అన్నాడు. చెప్పేద్దాం నాన్నా అని నేను అనలేదు. అనాలని కూడా తోచలేదు. హమ్మయ్య అనుకున్నాను. పధ్నాలుగేళ్ళ పిల్లని కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా ఆ హమ్మయ్య నన్ను వదల్లేదు.

నాలుగు రోజులు పోలీసులు వస్తారని ఎదురుచూశాం. రాలేదు. ఆస్పత్రికే వెళ్ళి పిన్నిగారిని అడిగారట. తూము కడగడానికి ఎప్పుడో తెచ్చిన కాస్టిక్ సోడా పొట్లం ఇంట్లో ఉందని, కరెంటు లేక చీకట్లో దాన్నే కలిపేశానని ఆవిడ చెప్పారు. పెరట్లో అలాంటి పొట్లం ఒకటి దొరికింది కూడా. ఆ మాట తెలిసిన రోజు నాన్న దేవుడి పటం ముందు చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డాడు. "గట్టెక్కాం" అన్నాడు. పాపం, ఆవిడ నిజంగానే అలా అనుకుంటున్నారని ఇద్దరమూ నమ్మాం. ఆవిడకి నిజం చెప్పగలిగింది లోకంలో మేమిద్దరమే. చెప్పలేదు.

నెల తర్వాత మాస్టారిని ఇంటికి తీసుకొచ్చారు. గొంతు లోపల మూసుకుపోయింది. మెతుకు దిగదు, మాట రాదు. పొట్టకి గొట్టం పెట్టి అందులోంచి పాలు, గంజి పోస్తున్నారు. ట్యూషన్ పిల్లలందరం కలిసి ఒకసారి వెళ్ళాం. కూర అంటే ప్రాణం పెట్టే మనిషి ఎముకల గూడై మంచం మీదున్నారు. పక్కింట్లోంచి పోపు వాసన వస్తోంది. ఆయన అటు వైపు తల తిప్పి పీల్చుకున్నారు.

మిగతావాళ్ళు బయటికి వెళ్ళాక నన్ను ఉండమని సైగ చేశారు. నోటుపుస్తకంలో రాసి చూపించారు. "ఏంటమ్మా కబుర్లు?"

"పాఠం ఆమ్లాల దాకా వచ్చిందండి. కొత్త సారు బాగానే చెబుతున్నారండి."

ఆయన తలాడించి, మళ్ళీ రాశారు. "ఇంకా?"

"యూనిట్ టెస్టులో నాకే ఫస్టండి."

ఆయన నా మొహంలోకి చూస్తూ ఆ మాట కిందే పెన్నుతో గీత గీశారు. ఇంకా?

"ఇంకేం లేదండి" అన్నాను. ఆయన పుస్తకం మూసేశారు. నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మాఘమాసంలో పోయారు. తిండి లేక పోయారని చెప్పాలి, డాక్టర్లు ఏ పేరు పెట్టినా.

ఆ తర్వాత ఊరు పిన్నిగారిని చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొగుడికి చేతులారా విషం కలిపిచ్చిందనేవారు. పొరపాటున అని కొందరు, పొరపాటేనా అని కొందరు. ఎవరింటికైనా వెళ్తే ఆవిడ చెయ్యి వేసిన వంట తినేవారు కాదు. మా కొట్టుకి వస్తే నాన్న గబగబా లేచి, అడగకుండానే అన్నీ కట్టి ఇచ్చేవాడు. ఆవిడ మా ఇద్దరి మొహాల్లోకీ చూసేవారు కాదు. ఏడాది తిరక్కుండానే ఇల్లు అమ్మేసి అమలాపురం అవతల చెల్లెలి ఊరికి వెళ్ళిపోయారు. నేను పదో తరగతి సైన్సులో స్కూలు ఫస్టు వచ్చాను. డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం. ఏ రసాయన నామాలు డబ్బాలకి అంటించి మనిషిని చంపానో వాటినే నేర్పి జీతం తీసుకుంటున్నాను.

నాన్న పోయాక నన్ను పట్టి ఉంచిన మాట కూడా పోయింది. సాకు పోయిందనడం నిజం. రెండేళ్ళ కిందట ఒక సెలవురోజున అడ్రసు కనుక్కుని బస్సెక్కాను. పిన్నిగారు చెల్లెలి ఇంటి వెనక చిన్న గదిలో కూర్చుని దూదితో వత్తులు చేసుకుంటున్నారు. ముగ్గుబుట్టలా తల నెరిసిపోయింది. నేను పేరు చెప్పకముందే గుర్తుపట్టారు.

"కొట్టువాళ్ళ పిల్లవి కదూ. కూర్చో."

కూర్చోలేదు. దారంతా అనుకున్న మాటలన్నీ పోయి, ఒక్కటే వచ్చింది.

"ఆ పొట్లం మా కొట్లోదేనండి పిన్నిగారూ. డబ్బాలకి పేర్లు అంటించి చోట్లు మార్చింది నేనేనండి. మీ తప్పేం లేదండి."

ఆవిడ చేతిలో ఉన్న వత్తి పూర్తి చేసి పక్కన పెట్టారు.

"తెలుసు."

"ఎవరు చెప్పారండి?"

"ఆయనే. ఆస్పత్రిలో రెండో రోజునే రాసి చూపించారు. ఆ పేరు దిద్దింది నేనే, పిల్లదేం లేదు, ఎవరడిగినా ఇంట్లో ఉన్నదే కలిపానని చెప్పు, కొట్టు మాట ఎత్తకు, ఆ పిల్ల చదువు ఆగిపోకూడదు అని రాశారు. పెరట్లో పాత పొట్లం ఉందని గుర్తుచేసింది కూడా ఆయనే. అలాగే చెప్పాను. చెప్పి, ఇదిగో, ఇలా ఉన్నాను."

కాళ్ళ మీద పడ్డాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"క్షమించండి పిన్నిగారూ."

"అది ఆయన్ని అడగాల్సిందమ్మా. అడిగితే ఆయన ప్రాణం నెమ్మదించేది. చిన్నపిల్ల, బెదిరిపోయింది, రెండ్రోజులాగి తనే వచ్చి చెబుతుంది అనేవారు. అనేవారంటే, రాసేవారు. సాయంత్రం ట్యూషన్ వేళకి వీధి తలుపులు బార్లా తీసి, తన మంచం గుమ్మానికి ఎదురుగా జరిపించుకునేవారు. చలిగాలి కొడుతోందండీ అంటే వినేవారు కాదు. తలుపు వేసేస్తే ఆ పిల్ల వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది అని రాసేవారు. పోయిన రోజున కూడా తలుపు తీసే ఉంది."

ఆవిడ మళ్ళీ దూది చేతిలోకి తీసుకున్నారు. ఆ తలుపు తీసి ఉండటం నేను చూశాను. స్కూలు నుంచి వచ్చే దారి అదే. ఆ రెండు నెలలూ ప్రతి సాయంత్రం ఆ ఇంటి ముందునుంచే, పుస్తకాలు గుండెలకి అదుముకుని, తల దించుకుని, గబగబా నడిచి వెళ్ళిపోయేదాన్ని. మాస్టారికి గాలి ఆడటానికి తీశారు కాబోలు అనుకునేదాన్ని.